గోడకి మాలు ఎలా ఎంచుకోవాలి: కట్టకి ఎన్ని పెట్టెల ఇసుక?

ఇల్లు మొదలుపెట్టిన ప్రతివాళ్ళూ అడిగే మొదటి ప్రశ్న ఇదే: "సిమెంటు కట్టకి ఇసుక ఎంత వేయించాలండీ?" రాజాంలో కట్టుకునేవాళ్ళదీ అదే ప్రశ్న, టెక్కలివాళ్ళదీ అదే, పూసపాటిరేగలో సముద్రం గాలి తగిలే చోట కట్టుకునేవాళ్ళదీ అదే. ఒక్క ముక్కలో జవాబు కావాలంటే, తొమ్మిదంగుళాల ఇటుక గోడకి మాలు (ఇటుకల మధ్య పెట్టే సిమెంటు, ఇసుక ముద్ద) 1:6. అంటే ఒక పాలు సిమెంటుకి ఆరు పాళ్ళ ఇసుక.

కానీ ఆ ఒక్క ముక్క పట్టుకుని ఇల్లంతా కట్టించకండి. సన్న గోడకీ పిట్టగోడకీ సెప్టిక్ ట్యాంకుకీ 1:6 చాలదు. మరోవైపు "గట్టిగా ఉండాలి" అని అన్నిటికీ 1:3 వేయించేవాళ్ళున్నారు. వాళ్ళకి సిమెంటు డబ్బూ పోతుంది, గోడా పగులుతుంది. మాలు ఇటుక కంటే గట్టిగా ఉండకూడదు. పునాది కాస్త కుంగినా, ఎండకి గోడ సాగి ముడుచుకున్నా ఆ కదలికని మాలు తనలో సర్దుకోవాలి. అప్పుడు చీలిక సన్నగా జాయింటులోనే ఉండిపోతుంది, దాన్ని పూడ్చుకోవచ్చు. మాలు ఇటుక కన్నా గట్టిదైతే చీలిక ఇటుకనే రెండు చేసుకుంటూ పైకి పాకుతుంది. మామూలు బట్టీ ఇటుకల్లో తక్కువ రకం చదరపు మిల్లీమీటరుకి 3.5 న్యూటన్ల ఒత్తిడి తట్టుకుంటే గొప్ప. 1:6 మాలు బలం సుమారు 3, 1:4 ది 7.5, 1:3 ది 10. ఏ ఇటుకకి ఏది సరిపోతుందో ఈ అంకెలే చెబుతాయి.

ముందు ఇవి సిద్ధం చేసుకోండి

- కొలత పెట్టె. లోపలి కొలతలు పొడవు 40, వెడల్పు 35, ఎత్తు 25 సెంటీమీటర్లు. ఇది సరిగ్గా 35 లీటర్లు, అంటే ఒక 50 కిలోల సిమెంటు కట్ట. వడ్రంగి పూటలో చేసి ఇస్తాడు.
- మూత ఉన్న పారదర్శకమైన సీసా, గుప్పెడు ఉప్పు.
- ఇసుక జల్లెడ. మాలులోకి వెళ్ళే ఇసుకంతా 4.75 మిల్లీమీటర్ల కన్నంలోంచి దిగాలి.
- మాలు కలపడానికి ఇనుప రేకు, లేదా ముందే వేసిన సిమెంటు గచ్చు. వట్టి నేల మీద కలపనివ్వకండి.
- మంచినీళ్ళ డ్రమ్ము, గోనెలు, ఒక టార్పాలిన్.

పెట్టె చేయించడం కుదరకపోతే గమేళాతోనే కొలవండి, కాకపోతే ముందు ఒక పని చేయాలి. ఒక కొత్త కట్ట విప్పించి ఆ గమేళాలోనే అంచు మట్టానికి పోయించి ఎన్ని గమేళాలు వచ్చాయో లెక్క పెట్టండి. ఒక్కో గమేళా ఒక్కో సైజు, అందుకే మీ సైటులో వాడే గమేళాకి మీరే లెక్క తేల్చుకోవాలి. ఆ లెక్కని సిమెంటు గది గోడ మీద బొగ్గుతో రాసి పెట్టండి. మేస్త్రి మారినా లెక్క మారదు.

1. ఏం కడుతున్నారో, దేనితో, ఎక్కడ అన్నది తేల్చుకోండి

*రాతి పునాది.* మెరక నేలైతే 1:6 చాలు. పల్లంలోనో, వరి మడి పక్కనో, ఏడాదిలో ఎక్కువ నెలలు చెమ్మగా ఉండే చోటో అయితే 1:5. రాయికి రాయికి మధ్య ఖాళీలో మాలు నింపి, అందులోకి చిన్న రాయి ముక్కలు దిగ్గొట్టించాలి. పొడి రాళ్ళు పేర్చి పైన మాత్రం మాలు పూస్తే అది పునాది కాదు. మాలు పాలు గురించి మేస్త్రితో వాదించే ముందు ఈ లోపలి ఖాళీలు చూడండి.

*తొమ్మిదంగుళాల గోడ, బట్టీ ఇటుక.* 1:6.

*నాలుగున్నర అంగుళాల అడ్డుగోడ.* 1:4. ప్రతి మూడు వరసలకి ఒకసారి 6 మిల్లీమీటర్ల ఊచలు రెండు పడుకోబెట్టాలి. ఊచ ఉన్న జాయింటులో మాలు ఊచని అన్ని వైపులా కప్పాలి. లేకపోతే తుప్పు పట్టి ఉబ్బి గోడనే చీలుస్తుంది.

*పిట్టగోడ, కాంపౌండ్ గోడ.* వానా ఎండా రెండు వైపులా తినే గోడలివి. 1:5 కంటే సిమెంటు తగ్గించకండి. నాలుగున్నర అంగుళాల పిట్టగోడ అయితే 1:4 వేసి, మధ్యమధ్య తొమ్మిదంగుళాల దిమ్మెలు లేపించండి. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో జీడి, కొబ్బరి తోటలు నేలకొరిగాయి. మన తీరంలో ఇల్లు కట్టేవాళ్ళు అలాంటి గాలిని లెక్కలో పెట్టుకునే పిట్టగోడ కట్టాలి. అయితే పొడవాటి సన్న గోడని ఒట్టి మాలు నిలబెట్టదు, మధ్యలో దిమ్మెలు ఉండాల్సిందే.

*సెప్టిక్ ట్యాంకు, నీళ్ళ సంపు.* కట్టుబడికి 1:4, లోపలి ప్లాస్టరింగుకి 1:3.

*ఫ్లైయాష్ ఇటుక.* దీనికీ 1:6 బాగుంటుంది. అంచులు నున్నగా ఉంటాయి కాబట్టి జాయింటు పది మిల్లీమీటర్లు దాటనివ్వకండి. ఈ ఇటుక గోడల్లో సన్న చీలికలు వస్తున్నాయని చాలామంది బాధపడతారు. మాలులో సిమెంటు ఎక్కువైనా, ఇటుకని నీళ్ళలో నానబెట్టి కట్టినా, తయారై పూర్తిగా గట్టిపడని ఇటుకని తెచ్చి కట్టినా ఇలా జరుగుతుంది.

*తేలిక బ్లాకులు, అంటే ఏఏసీ.* వీటికి ప్రత్యేకంగా దొరికే జిగురు మాలు మంచిది, మూడు మిల్లీమీటర్ల జాయింటు చాలు. మామూలు మాలే వాడాల్సి వస్తే 1:6. 1:3, 1:4 వద్దు, బ్లాకు తట్టుకోదు.

*పాత సున్నపు గోడ.* విజయనగరం, బొబ్బిలి, శ్రీకాకుళం పాత వీధుల్లో గానుగ సున్నంతో కట్టిన ఇళ్ళు ఇంకా ఉన్నాయి. మీ తాతల ఇల్లు అలాంటిదైతే దయచేసి సిమెంటు మాలుతో సందులు పూడ్చకండి. సున్నపు గోడ చెమ్మని పీల్చి తిరిగి గాలికి వదిలేస్తుంది. మీద సిమెంటు కప్పేస్తే ఆ చెమ్మ లోపలే చిక్కుకుని ఇటుకని పొరలు పొరలుగా రాలుస్తుంది. ఒక పాలు సున్నం, మూడు పాళ్ళ ఇసుకతో బాగుచేయించండి. సున్నం పని తెలిసిన మేస్త్రి దొరక్కపోతే 1:2:9, అంటే ఒక పాలు సిమెంటు, రెండు పాళ్ళ సున్నం, తొమ్మిది పాళ్ళ ఇసుక. ఆ గోడకి అంతకంటే గట్టి మాలు హానే చేస్తుంది.

2. సిమెంటు

గోడ పనికి 53 గ్రేడు, అంటే బలం ఎక్కువున్న సిమెంటు, అక్కర్లేదు. పీపీసీ, అంటే బూడిద కలిపిన సిమెంటు, చాలు. పునాది నీటి చెమ్మలో ఉండేచోట, సముద్రానికి దగ్గరలో స్లాగ్ సిమెంటు (ఇనుము కరిగించేటప్పుడు వచ్చే చిట్టెం కలిపినది) ఇంకా నయం, ఉప్పుని బాగా ఓర్చుకుంటుంది. కట్ట మీద ఐఎస్ గుర్తు చూడండి: పీపీసీకి ఐఎస్ 1489, స్లాగ్ సిమెంటుకి ఐఎస్ 455, మామూలు ఓపీసీకి ఐఎస్ 269. పక్కనే తయారైన వారం, ఏడాది ఉంటాయి. మూడు నెలలు దాటినదైతే తీసుకోకండి. వానాకాలంలో కట్టల్ని చెక్క బల్లల మీద, గోడకి ఎడంగా పేర్పించండి. చేత్తో నలిపితే పొడి అవ్వని గడ్డలు ఉంటే ఆ కట్ట గోడ పనికి పనికిరాదు.

3. ఇసుక: పని చెడేది ఎక్కువగా ఇక్కడే

మన అదృష్టం నాగావళి, వంశధార రెండూ మంచి ఇసుక ఇస్తాయి. కానీ "నాగావళి ఇసుకే కదా" అని కళ్ళు మూసుకుని దించుకోకండి. వరద తీసిన తరవాత ఒడ్డు వార తవ్విన ఇసుకలో ఒండ్రు ఉంటుంది. లారీ దించే ముందే ఈ నాలుగూ చూడండి.

మొదట చేత్తో. గుప్పెడు ఇసుక తీసుకుని రెండు అరచేతుల మధ్య రుద్ది పారబోయండి. చేతికి మట్టి రంగు అంటుకుని గీతల్లో ఉండిపోతే అనుమానించండి.

తరవాత సీసా పరీక్ష. సీసాలో సగం వరకు ఇసుక, దానిపైకి ముప్పావు వరకు నీళ్ళు, ఒక చెంచా ఉప్పు వేసి మూత బిగించి బాగా కుదిపి కదలని చోట పెట్టండి. మూడు గంటలు ఆగి చూడండి. ఇసుక అడుగున కూర్చుంటుంది, దాని మీద నల్లగానో ఎర్రగానో మెత్తటి పొర తేరుతుంది. ఇసుక ఎత్తు పది సెంటీమీటర్లైతే ఆ పొర ఎనిమిది మిల్లీమీటర్లు దాటకూడదు. దాటితే లారీ వెనక్కి పంపండి, లేదా కడిగించుకునే ఏర్పాటు ఉంటేనే తీసుకోండి. లారీవాళ్ళు "ఏటీ అవదు బాబూ, అందరూ ఇదే ఏసుకుంటన్నారు" అంటారు. మీరు సీసా చూపించండి. ఆ పొర చూశాక మాట మారుతుంది.

మూడోది ఉప్పు. గార, సంతబొమ్మాళి, వజ్రపుకొత్తూరు, కవిటి, పూసపాటిరేగ మండలాల్లో తీరానికి దగ్గరగా ఉన్నవాళ్ళు దీన్ని అస్సలు వదలకండి. గుప్పెడు ఇసుకని గ్లాసు మంచినీళ్ళలో కలిపి తేటనీరు వంచి, నల్లటి పెనం మీద పోసి ఎండలో ఆరబెట్టండి. పక్కనే ఒట్టి మంచినీళ్ళు కూడా ఆరబెట్టి రెండూ పోల్చండి. ఇసుక నీళ్ళ చోట తెల్లటి పొర ఎక్కువగా మిగిలితే అందులో ఉప్పుంది. నౌపడ ఉప్పు మడుల్లో నీరు ఎండి ఉప్పు తేలినట్టే గోడ మీదా తేలుతుంది. ముందు రంగు పొక్కుతుంది, తరవాత ప్లాస్టరింగు రాలుతుంది, ఊచలున్న చోట తుప్పు మొదలవుతుంది. సముద్రపు ఇసుక ఎంత దగ్గరగా, ఎంత చవగ్గా దొరికినా ముట్టుకోకండి. కడిగినా నమ్మకం లేదు, పైగా తీరంలో ఇసుక తవ్వడాన్ని కోస్తా నియంత్రణ నిబంధనలు ఒప్పుకోవు.

నాలుగోది ఇసుక తడి. ఇది చాలామంది ఇంజినీర్లు కూడా సైటులో పట్టించుకోరు. కొద్దిగా తడిసిన ఇసుక ఉబ్బుతుంది, నాలుగో వంతు దాకా. అంటే పెట్టె నిండినట్టే కనిపిస్తుంది కానీ లోపల ఇసుక తక్కువ. వానాకాలంలో ఆరు పెట్టెలు పోస్తే నిజానికి అయిదు పెట్టెల లోపే పడొచ్చు. సిమెంటు వృథా, మాలు రోజుకో తీరు. తేల్చుకోవడం ఇలా: నిలువు అంచులున్న డబ్బాలో తడి ఇసుకని నొక్కకుండా 20 సెంటీమీటర్ల ఎత్తు పోయండి. పుల్లతో కలుపుతూ ఇసుక పూర్తిగా మునిగేదాకా నీళ్ళు పోయండి. ఇసుక కిందికి దిగుతుంది. 16 సెంటీమీటర్ల దగ్గర ఆగితే 20ని 16తో భాగించండి, 1.25 వస్తుంది. ఆ రోజు 1:6 కావాలంటే ఆరు పెట్టెలు కాదు, ఏడున్నర పెట్టెలు పోయించాలి. పూర్తి పొడి ఇసుకకి ఈ లెక్క అక్కర్లేదు.

నది ఇసుక దొరకనప్పుడు రోబో ఇసుక, అంటే రాయిని మిషన్‌లో నలగ్గొట్టి చేసిన ఇసుక, వాడొచ్చు. కానీ కంకర మిషన్ కింద రాలే బూడిదలాంటి డస్టుని రోబో ఇసుక అని అంటగట్టేవాళ్ళుంటారు. దానికీ పైన చెప్పిన సీసా పరీక్షే చేయండి.

4. నీళ్ళు

తాగడానికి పనికొచ్చే నీళ్ళు మాలుకీ పనికొస్తాయి. తీరంలో బోరు నీళ్ళు ఉప్పగా ఉంటే పరీక్ష చేయించండి. ఊచలున్న పనికి లీటరు నీటిలో క్లోరైడు 500 మిల్లీగ్రాములు, ఊచలు లేని పనికి 2000 మిల్లీగ్రాములు దాటకూడదు. తడపడానికి వాడే నీళ్ళకీ ఇదే జాగ్రత్త. మాలు మంచినీళ్ళతో కలిపించి గోడని ఉప్పునీళ్ళతో తడిపితే పడ్డ శ్రమంతా పోతుంది.

5. కలపడం

ముందు ఇసుక పరిచి, మీద సిమెంటు పోసి, పొడిగానే పారతో తిప్పించండి. ఎక్కడా చారలు లేకుండా అంతా ఒకే రంగు వచ్చేదాకా కనీసం మూడుసార్లు తిరగేయాలి. ఆ తరవాతే మధ్యలో గుంట చేసి నీళ్ళు. నీళ్ళు ఒకేసారి కుమ్మరించకుండా కొంచెం కొంచెం పోయించండి. మాలు గారెల పిండిలా ఉండాలి: తాపీ మీద నిలబడాలి, తాపీ వంచితే ముద్దగా జారాలి. తాపీకి అంటుకుని ఊడిరాకపోయినా, నీళ్ళు పక్కలకి కారినా సరిచేయించండి.

నీళ్ళు తగిలిన క్షణం నుంచి రెండు గంటలే మాలు ఆయుష్షు. అందుకే ఒక మేస్త్రికి ఒకసారి అరకట్ట మాలు చాలు. భోజనాల ముందు పెద్ద కుప్ప కలిపి, తిని వచ్చాక బిగిసిన దానిలో మళ్ళీ నీళ్ళు పోసి, పైన పిడికెడు సిమెంటు చల్లి వాడటం నేను చూసిన సైట్లన్నిటిలో ఉన్న అలవాటు. ఆ సిమెంటు చల్లడం వల్ల ఏ లాభమూ లేదు. రెండు గంటలు దాటిన మాలుని గుంటలు పూడ్చడానికి పంపేయండి, గోడలోకి మాత్రం వద్దు.

ఇంకో అలవాటు, తాపీకి జారుడుగా ఉంటుందని మాలులో కాస్త ఎర్రమట్టి కలపడం. ఒప్పుకోకండి. జారుడు కావాలంటే దారి ఉంది: కట్ట సిమెంటుకి ఒక పెట్టె నానిన సున్నం, ఆరు పెట్టెల ఇసుక, అంటే 1:1:6. బలం 1:6 అంతే ఉంటుంది, పని మెత్తగా సాగుతుంది, మాలు ముడుచుకోవడం తగ్గుతుంది.

6. కట్టేటప్పుడు

బట్టీ ఇటుకని నీళ్ళ తొట్టెలో వేసి బుడగలు రావడం ఆగేదాకా ఉంచి తీయించండి. పొడి ఇటుక మాలులో నీళ్ళని లాగేసుకుంటుంది, అప్పుడు 1:6 అయినా 1:4 అయినా మిగిలేది ఇసుకే. ఫ్లైయాష్ ఇటుకకి పైన నీళ్ళు చిలకరిస్తే చాలు. ఏఏసీ బ్లాకుకి తడి గుడ్డతో తుడిచినంత.

జాయింటు పది మిల్లీమీటర్లు. పడుకున్న జాయింటు అందరూ నింపుతారు, నిలువు జాయింటు దగ్గరే మోసం జరుగుతుంది. బయటి అంచుకి రాసి లోపల ఖాళీ వదిలేస్తారు. తుపాను వాన గోడకి అడ్డంగా కొట్టినప్పుడు నీళ్ళు లోపలికి వచ్చేది ఆ ఖాళీల్లోంచే. రోజుకి ఒకటిన్నర మీటర్లు, అంటే అయిదడుగులకి మించి గోడ లేపనివ్వకండి. సాయంత్రం దిగేముందు, మాలు పచ్చిగా ఉండగానే, ప్లాస్టరింగు పట్టేందుకు జాయింట్లని పది మిల్లీమీటర్ల లోతు గీకించండి.

7. సరిగ్గా వచ్చిందో లేదో చూడటం

ఇటుక పెట్టిన అయిదు నిమిషాల్లో ఒకదాన్ని లేపించి చూడండి. మేస్త్రి విసుక్కుంటాడు, అయినా అడగండి. ఇటుక అడుగున మాలు నిండుగా అంటుకుని, కింద వరస మీద కూడా మాలు మిగిలి ఉంటే పని బాగుంది. ఇటుక అడుగు శుభ్రంగా లేచి వచ్చిందంటే ఇటుక పొడిగా ఉంది, లేదా మాలు బిగిసిపోయింది.

ఇంకోటి, ఆ రోజు మాలుతోనే రెండు ఇటుకల్ని ఒకదాని మీద ఒకటి అడ్డంగా, కూడిక గుర్తులా అతికించి నీడలో పెట్టి రోజూ తడపండి. ఏడు రోజుల తరవాత రెండు చేతులతో విడదీయండి. తేలిగ్గా ఊడొచ్చి ఒక ఇటుక నున్నగా బయటపడితే ఆ రోజు కలిపిన మాలులో లోపం ఉంది. కొలతైనా తప్పాలి, ఇసుకైనా, తడపడమైనా. పని మొదలైన తొలి రోజునే ఈ జత చేయించండి, కొలత పెట్టె మీద ఆ తేదీ రాయించండి.

ఏడు రోజులు తడిపిన గోడ జాయింటుని మేకుతో గీస్తే సన్న గీత మాత్రమే పడాలి. ఇసుక పొడిగా రాలితే ఆ రోజు ఎవరు కలిపారో, ఏ ఇసుకో, ఎంతసేపు తడిపారో వెనక్కి వెళ్ళి చూడండి.

8. ఖర్చు లెక్క

తొమ్మిదంగుళాల గోడ వంద చదరపు అడుగులకి 1:6 మాలుతో సుమారు మూడు కట్టల సిమెంటు పడుతుంది. అదే గోడని 1:4తో కడితే నాలుగు నుంచి అయిదు కట్టలు. మీ మేస్త్రి 1:6 అని చెప్పి వందకి అయిదు కట్టలు ఖర్చు చేస్తుంటే జాయింట్లు లావుగానైనా ఉండాలి, ఇసుక తడి లెక్కైనా తప్పి ఉండాలి. రెండు కట్టలకే సరిపెడితే ఇంకా ముందే ఆపి చూడండి.

9. తడపడం, కప్పడం

కనీసం ఏడు రోజులు, పీపీసీ అయితే పది రోజులు గోడ తడి ఆరకూడదు. ఏప్రిల్, మే ఎండల్లో రోజుకి రెండుసార్లు పైపుతో కొట్టడం చాలదు, తడి గోనెలు వేలాడదీయండి. అక్టోబర్, నవంబర్లలో తుపాను కబురు వస్తే పచ్చి గోడ పై వరసని టార్పాలిన్‌తో కప్పి రెండు వైపులా బరువులు పెట్టండి. అప్పటికే వాన జోరుగా కొట్టి జాయింట్లలో మాలు కొట్టుకుపోయి ఉంటే, మీద మాలు పూసి సరిపెట్టనివ్వకండి. పై రెండు వరసలూ విప్పించి, ఇటుకలు కడిగించి, కొత్త మాలుతో మళ్ళీ పెట్టించండి.